టీవీలో డాక్టరమ్మను చూడబోయిన లస్కరు

ఉయ్యూరు దాటి కొంత దూరం వచ్చాక మా బస్సు రోడ్డు పక్కకు ఒరిగి ఆగిపోయింది. డ్రైవరు దిగి చక్రాన్ని చూశాడు. కండక్టరు దిగి డ్రైవర్ని చూశాడు. వెనకాల ఇంకో బస్సు వస్తోందనీ, అందులో ఎక్కిస్తాననీ అన్నాడు. నాకేం తొందర లేదు. అవనిగడ్డలో ఒక పాత స్నేహితుడి పుస్తకాల బీరువాకు చెదలు పట్టిందంటే వెళ్లి, తిన్నవి తీసేసి, తిననివాటిలో రెండు నా సంచిలో వేసుకుని తిరిగి వస్తున్నాను. చెదలకు మంచి అభిరుచి ఉంటుందని నా అనుభవం. అవి వదిలేసిన పుస్తకాలను మనుషులు కూడా వదిలేస్తే మేలు. అయినా మోస్తున్నాను.

జనమంతా రోడ్డుకేసి చూస్తుంటే ఒక మనిషి మాత్రం రోడ్డుకు వీపు పెట్టి కాలువగట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. అరవై దాటిన వయసు, మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. గడ్డిపరక తుంచి నీళ్లలో వేశాడు. అది కొట్టుకుపోతున్నంతసేపూ దాన్నే చూశాడు.

"పైన ఎవడో లాగేస్తన్నాడు," అన్నాడు. నాతో కాదు, కాలువతో.

నేను పక్కన నిలబడేసరికి తలెత్తి, ముందు నా చెప్పులు, తర్వాత సంచి, ఆఖరున మొహం చూశాడు. సంచిలో ఏముందని అడిగాడు. పుస్తకాలన్నాను. ఒకటి చూపించమన్నాడు. తీసి ఇస్తే నాలుగు పేజీలు తిప్పి, అట్ట లోపల వేలు పెట్టి చూసి, తిరిగిచ్చాడు.

"నమ్మకం లేక కాదండీ, అలవాటు. లస్కరుగా చేశా."

డెల్టా ఎరగనివాళ్ల కోసం చెప్పాలి. కృష్ణ మీద బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు కాలువలై, పిల్లకాలువలై, బోదెలై సముద్రం ఒడ్డు దాకా వెళ్లాలి. దారి పొడవునా మోటార్లు వేసేవాళ్లు, గట్టుకు కన్నం పెట్టేవాళ్లు, తూము తలుపు కింద రాయి దోపేవాళ్లు ఉంటారు. వాళ్లను కనిపెట్టుకుని గట్టు మీద తిరిగే చిన్న ఉద్యోగి లస్కరు. పూర్వం ఓడల్లో పనిచేసేవాళ్లకు ఈ మాట ఉండేదట. ఓడ దిగి కాలువగట్టు ఎలా ఎక్కిందో నాకు తెలీదు. ఇతని పేరు ఏసుపాదం. కోడూరు అవతల, కాలువ అయిపోయి ఉప్పు గాలి మొదలయ్యే చోట పనిచేసి రిటైరయ్యాడు. చివరి భూముల లస్కరంటే పైవాళ్లందరినీ అనుమానించడమే పని. తన దగ్గర నీటిమట్టం తగ్గిందంటే పైన ఎక్కడో దొంగ ఉన్నట్టు. ఆ దొంగను అతను చూడక్కర్లేదు, కాలువలో మట్టం చూపే గేజీ చూస్తే చాలు.

అతని భార్య అమలమ్మ దీనికి ఒక మాట కట్టిందట: "ఈయనకు దేవుడు కూడా నీళ్లదొంగలాగే కనపడతాడు." ఆమె ఏటా గుణదల కొండెక్కి మేరీమాతకు కొబ్బరికాయ కొట్టి వచ్చేది. ఏసుపాదం కొండ కింద చెప్పులకు కాపలా కూర్చునేవాడు. అంత తిరణాలలో తమ చెప్పులు ఎప్పుడూ పోలేదనీ, అదంతా తన కాపలా వల్లేననీ అతని నమ్మకం. అమ్మ దయవల్ల కాదా అని నేనంటే, అవి రెండూ ఒకటేనండీ అన్నాడు.

రెండో బస్సు వచ్చింది. ఇద్దరం పక్కపక్కన ఇరుక్కుని కూర్చున్నాం. ఎక్కడికి వెళ్తున్నావని అడిగితే, చెప్పాలా వద్దా అని కాసేపు కిటికీలోంచి చూశాడు.

"విజయవాడలో ఒక డాక్టరమ్మ ఉందంటన్నారు. ఉందో లేదో చూసొద్దామని."

అలా మొదలై, కంకిపాడు వచ్చేలోగా చాలావరకు బయటపడింది. అమలమ్మ ఊడ్పులకు వెళ్లి జ్వరం తెచ్చుకుంది. మామూలు జ్వరమనుకున్నారు. కళ్లు పచ్చబడి, ఒంటికి రావడం తగ్గిపోయి, ఆయాసం ఎక్కువయ్యాక అవనిగడ్డలో ఒక చిన్న ఆసుపత్రిలో చేర్చారు. ఎలుక జ్వరమన్నారు, పొలాల్లో నిలిచిన నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి, కాళ్ల పగుళ్లలోంచి ఎక్కేది. కిడ్నీలు మొరాయించాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆ ఆసుపత్రిలో ఒక చిన్న డాక్టరూ ఇద్దరు నర్సులూ తప్ప పెద్ద డాక్టర్లు లేరు. వాళ్లకు బదులు మంచం కాళ్ల దగ్గర బండి మీద ఒక టీవీ, దాని నెత్తిన ఒక కెమెరా ఉన్నాయి. విజయవాడలో భవానీపురం నుంచి ఒక పెద్ద డాక్టరమ్మ అందులోంచి పేషెంటును చూసుకుంటుందన్నారు.

ఏసుపాదం ఆ టీవీని చూసి కళ్లు చికిలించాడు. మనిషి నోరు ముందు కదిలిద్ది, మాట తర్వాత వచ్చిద్ది. ఎప్పుడో తీసిపెట్టుకున్న బొమ్మ ఆడిస్తన్నారేమోననుకున్నాడు. చెయ్యెత్తమ్మా అని అడిగాడు. ఒక లిప్త ఆగి ఆమె చెయ్యెత్తింది. ఆ లిప్త ఎందుకు ఆగింది? అతని అనుమానం ఇంకా బలపడింది.

నేను నవ్వి అతనికొక కథ చెప్పాను, ఎక్కడో చదివిందే. పరదాలో ఉండే రాణికి జబ్బు చేస్తే హకీము నాడి చూడాలి, చెయ్యి తాకకూడదు. రాణి మణికట్టుకు దారం కట్టి, ఆ కొస పరదా ఇవతల హకీముకు ఇచ్చారు. అతన్ని పరీక్షిద్దామని అంతఃపురంవాళ్లు దారం తీసి పిల్లి కాలికి కట్టారు. హకీము దారం పట్టుకుని, ఈ రోగికి ఎలుకను పెట్టండి, నయమవుతుందన్నాడట.

ఏసుపాదం నవ్వలేదు. "మరి పిల్లికి కట్టినోళ్లనేం చేశారండీ?"

కథలో ఆ సంగతి లేదన్నాను.

"అదే అసలు సంగతి," అన్నాడు.

తర్వాత కాసేపటికి గొంతు తగ్గించాడు. ఉద్యోగం చేసే రోజుల్లో రోజూ పొద్దున్నే గేజీ చూసి పైకి ఫోన్ చేయాలి. ఇక్కణ్నుంచి అతను చెప్పే అంకెను బట్టి పై ఆఫీసులో కూర్చున్న ఇంజినీరు ఎంత వదలాలో నిర్ణయిస్తాడు. ఆ ఇంజినీరు ప్రతిసారీ ఒకటే అడిగేవాడు, లేచెళ్లి చూశావా అని. చూశా సార్ అనేవాడు ఇతను. వాన పడుతుంటే కొన్నిసార్లు మంచం మీంచే చూశాడు. అంటే నిన్నటి అంకె చెప్పాడు. ఒక ఏడాది అలా చెప్పిన అంకెకు చివరి భూముల్లో నారుమళ్లు ఎండిపోయాయి. తప్పు ఎవరిదో ఎవరికీ తెలీలేదు, అమలమ్మకు తప్ప.

"దూరంగా కూచున్నోడికి మనం చెప్పిందే నిజమండీ. ఆ నర్సమ్మ ఈ డాక్టరమ్మకు ఏం చెప్తందో నాకు తెలవదా? నేను చెప్పినట్టే చెప్తదిగా."

ఇంతకాలం నేను దేశమంతా తిరుగుతూ ఎన్నో రకాల అనుమానాలు చూశాను. తెలీకపోవడం వల్ల పుట్టేవి మాటలతో పోతాయి. తెలిసినందువల్ల పుట్టిన అనుమానానికి నా దగ్గర కథ లేదు. 

అసలు విషయం ఇంకా లోపలే ఉంది. అది చెప్పేముందు, ముందు సీటువాళ్లు నిద్రపోతున్నారో లేదో వంగి చూశాడు. ఆసుపత్రిలో అమలమ్మకు నీళ్లు కొలిచి ఇస్తున్నారు. దాహం, దాహం అంటోంది. టీవీలోంచి డాక్టరమ్మ ఎక్కువ ఇవ్వొద్దంది. జీవితమంతా విజయవాడ నుంచి చివరి భూములకు నీళ్లు తగ్గించడమే చూసినవాడు అతను. కింద పారుదల ఆగిపోయిందంటే పైనుంచి ఎక్కువ వదలాలి, ఆ ఒత్తిడికి పూడిక కొట్టుకుపోయి కాలువ దానంతటదే తెరుచుకుంటుంది. లస్కరు చదువు అది. అమలమ్మకు ఒంటికి రావడం ఆగిపోయింది, వీళ్లేమో పైన కూడా తలుపులు దించుతున్నారు. అందుకని స్టీలు క్యానులో బొండాం నీళ్లు తెచ్చి, నర్సు అటు తిరిగినప్పుడు మూతికున్న ఆక్సిజన్ గొట్టం కొంచెం పక్కకు జరిపి, గుక్కగుక్కగా తాగిస్తున్నాడు. కెమెరాకు తన వీపు అడ్డం వచ్చేలా స్టూలు వేసుకునేవాడు. దొంగలు ఎక్కడ నిలబడతారో అతనికి తెలియంది కాదు.

ఈలోగా రక్తంలో పొటాషియం అనేదేదో పెరుగుతోందన్నారు. మందిచ్చి దించుతుంటే మళ్లీ ఎక్కుతోంది. ఎందుకెక్కుతోందో తెలీడం లేదు. బయటినుంచి ఏమన్నా పెడుతున్నారా అని డాక్టరమ్మ టీవీలోంచి అడిగింది. లేదన్నాడు. అయితే కిడ్నీలు పూర్తిగా పోతున్నట్టే, డయాలిసిస్ మిషను ఇక్కడ లేదు, ఇవాళ సాయంత్రం అంబులెన్సులో విజయవాడ పంపాలి, కానీ ఆ ఊపిరితిత్తులతో దారి తట్టుకుంటుందని చెప్పలేమంది. ఎలుక జ్వరానికి తోడు ఈ ఆయాసం ఉన్నప్పుడు ఆ ప్రయాణం ఎంత ప్రమాదమో చిన్న డాక్టరు బయటికి పిలిచి మరీ చెప్పాడట. ఆ తర్వాత వరండాలో ఒక కాంపౌండరు ఎవరికో చెప్తుండగా ఏసుపాదం చెవిన పడింది: బొండాం నీళ్లలో ఉండేదంతా పొటాషియమేనట.

"మరి చెప్పెయ్యకపోయావా?" అన్నాను.

"ఎవరికి? ఆ టీవీకా?" అన్నాడు. "చర్చిలో పాపసంకీర్తనం చెప్పుకునేటప్పుడు జాలీ అవతల ఫాదర్ గారి మొహం కనపడదండీ. కానీ ఊపిరి వినపడిద్ది. అక్కడ మనిషున్నాడని తెలుస్తది. ఉన్నదో లేదో తెలవని మనిషికి, నా పెళ్లానికి నేనే విషం పోశానని ఎట్టా చెప్పను?"

బస్టాండులో దిగాక అతని దారి అతనిది, నా దారి నాది. గవర్నర్‌పేటలో నాకొక లాడ్జి గది ఉంది. అయినా అతనితోపాటే భవానీపురం ఆటో ఎక్కాను. అతను అభ్యంతరం చెప్పలేదు గానీ, నేనెందుకు వస్తున్నానా అని ఆటో అద్దంలోంచి నన్ను చూస్తూనే ఉన్నాడు.

అది నదికి దగ్గర్లో ఒక మేడ. గేటు దగ్గర రహ్మాన్ అనే కాపలాదారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇక్కడ పేషెంట్లు ఉండరు పెద్దాయనా, ఆసుపత్రికి పో అన్నాడు. పేషెంట్లు లేని చోట డాక్టర్లెందుకున్నారని ఏసుపాదం అడిగాడు. నాకూ అదే తెలీదు, జీతమిస్తున్నారు కూర్చుంటున్నా అన్నాడు రహ్మాన్. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి వెంటనే గౌరవం కలిగింది. లోపలికి ఫోన్ చేశాడు. అవనిగడ్డ అమలమ్మ తాలూకు అని చెప్పాడు. ఎలాగూ పంపించరని మేం వెనక్కు తిరుగుతుంటే ఫోన్ మోగింది. పైకి రమ్మంటున్నారు, మేడమే రమ్మంది. తాలూకు ఒక్కళ్లే అట.

"ఈయన మా అన్న," అన్నాడు ఏసుపాదం, కన్నార్పకుండా.

పైన చల్లటి పొడవాటి గది. గోడ పొడవునా తెరలు. ప్రతి తెరలో ఒక మంచం, మంచం మీద ఎవరో, పక్కన ఎగిరి పడే గీతలు. తెరల ముందు చెవులకు తగిలించుకున్న మైకులతో మనుషులు. వాళ్లలోంచి ఒకమ్మాయి లేచి వచ్చింది. ముప్పై దాటి ఉండదు. పేరు వినీల అని తెల్లకోటు మీద రాసుంది. ఏసుపాదం ఆమె చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"టీవీలో ఇంకాస్త పొడుగున్నావమ్మా."

"మొన్న నాచేత చెయ్యెత్తించింది మీరే కదూ?" అంది. అడక్కుండానే కుడిచెయ్యి ఎత్తి చూపించింది. ఈసారి లిప్త ఆగలేదు. "మీరే వచ్చారు, మంచిదైంది. మీతో ఫోన్లో మాట్లాడదామనుకుంటున్నా, పక్కన నర్సు లేకుండా."

అంటే ఆమె కూడా అక్కడివాళ్లను నమ్మడం లేదు. వేళకివ్వాల్సిన మందు ఇచ్చారా, రక్తం సరైన మనిషిదే తీశారా, తనకు చెప్తున్న అంకె ఇవాళ్టిదేనా అని ఆమె అనుమానం. ఇవన్నీ ఒక్కొక్కటీ ఏసుపాదాన్ని అడిగింది. అతనికి తెలిసినంతవరకు చెప్పాడు. అడిగే తీరు చూసి అతని మొహం మారింది. పాతకాలం ఇంజినీరు గొంతు వినపడినట్టుంది.

"ఇంకొక్కటి బాబాయ్ గారూ. ఇంటినుంచి ఏమన్నా పెడుతున్నారా? పళ్లు, రసం, కొబ్బరినీళ్లు, ఏదైనా సరే. నిజం చెప్పండి. మీ జవాబును బట్టే సాయంత్రం ఆమెను కదపాలా వద్దా అన్నది."

మనిషుంది. ఎదురుగా ఉంది. ఊపిరి వినపడుతోంది. చెప్తాడనుకున్నాను. ఈలోపు ఎక్కడో ఒక తెర కూసింది. ఆమె చటుక్కున అటు తిరిగి, మైకులో ఎవరికో ఏదో చెప్పింది. ఏసుపాదం వరసగా ఉన్న ఆ మంచాలన్నింటినీ చూశాడు. ఇన్ని కాలువలకు ఒక్క లస్కరా అనుకున్నాడో ఏమో. తర్వాత కిటికీలోంచి బయటికి చూశాడు. బ్యారేజీకి ఎగువన నది నిండుగా, బరువుగా, కదలకుండా ఉంది. అతని కళ్లు ఆ నిండుదనం మీదే ఆగిపోయాయి.

ఆమె మళ్లీ ఇటు తిరిగింది. "చెప్పండి."

"ఏమీ పెట్టట్లేదమ్మా," అన్నాడు నదితో.

 నాకు తెలుసు. నేను చెప్పొచ్చు. కానీ నేనెవర్ని? బస్సు చెడిపోతే పరిచయమైన మనిషిని, అబద్ధపు అన్నను. నేను చెప్తే ఆమె నమ్మాలనేముంది? గొంతు సవరించుకున్నాను. ఆమె నావైపు చూసింది, నా సంచివైపు చూసింది.

అదే సమయానికి, కొత్త రీడింగ్ చూద్దామని కాబోలు, అమలమ్మ మంచాన్ని పెద్ద తెర మీదికి తెచ్చింది. ఆకుపచ్చ దుప్పటి కింద ఎండిపోయిన మనిషి, మూతికి గొట్టం. పక్కన స్టూలు మీద ఏసుపాదం మరదలు, అమలమ్మ చెల్లెలు కూర్చుని ఉంది. కాంపౌండరు మాట చెవిన పడకముందే అతను ఆమెకు క్యాను అప్పగించాడు, తర్వాత ఆపమనాలంటే ఎందుకో చెప్పాల్సొస్తుందని ఆ సంగతి దాచి బస్సెక్కాడు. వీపు ఎటు పెట్టాలో చెప్పాడు గానీ, ఆమె ఎప్పుడూ దొంగల్ని కాసిన మనిషి కాదు. స్టూలు అవతలి పక్కకు వేసుకుని, కెమెరాకు సరిగ్గా ఎదురుగా కూర్చుంది. అటూ ఇటూ చూసింది. కొంగు చాటునుంచి క్యాను తీసింది. మూత తిప్పింది. ఎంతో ప్రేమగా, ఒక చేత్తో అక్క తల ఎత్తి పట్టుకుంది.

బతుకంతా గట్టు ఇవతలినుంచి దొంగల్ని చూసినవాడు, తన గండిని తానే అవతలినుంచి చూశాడు.

"ఆపమనమ్మా." తెరకేసి చెయ్యి చాపాడు. "ఆపమను. నేనే పొయ్యమన్నా. నేనే పోస్తన్నా ఇన్నాళ్లూ. బొండాం నీళ్లు."

వినీల చెయ్యి అప్పటికే మీట మీద ఉంది. అక్కడ గదిలో గంట మోగడం ఇక్కడికి వినపడింది. టీవీ తనను పిలిచేసరికి మరదలు ఉలిక్కిపడి, ముందు తల మీదికి కొంగు లాక్కుని, తర్వాత క్యాను స్టూలు కిందికి తోసింది. నర్సు పరుగెత్తుకొచ్చి క్యాను తీసుకుంది, వాసన చూసింది, కెమెరావైపు చూసి తలూపింది.

 ఎప్పటినుంచి, ఎంతెంత అని డాక్టరమ్మ అడిగింది. ఈసారి అతను నది మొహం చూడలేదు. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చిన్న డాక్టరుతో మాట్లాడి అంబులెన్సు ఆపమంది. పొటాషియం దించే మందు మళ్లీ ఇచ్చి, సాయంత్రం రక్తం ఇంకోసారి చూస్తామంది. తగ్గితే కదపరు, అక్కడే ఉంచి చూస్తారు. తగ్గకపోతే తప్పదు. తగ్గుతుందని మాట ఇవ్వలేనంది.

"ఒకటడగనా అమ్మా," అన్నాడు ఏసుపాదం. "ఇప్పుడు చూశావు. ఇన్నాళ్లూ ఎందుకు చూడలేదు?"

ఆమె ఎర్రబడింది. చాలా అలసిపోయిన మొహం, దగ్గరనుంచి చూస్తే తెలుస్తుంది.

"అన్ని మంచాలనూ అన్నివేళలా చూడలేం బాబాయ్ గారూ. అంకె తేడాగా ఉంటే చూస్తాం. అడుగుతాం. అడిగాను కదా. మీరు లేదన్నారు."

"నేను లేదంటే?"

"నమ్మాను."

అతను ఆ మాటను అనుమానంగా అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, బస్సు దగ్గర నా పుస్తకాన్ని చూసినట్టు. తర్వాత తెరలో పడుకున్న భార్యను చూశాడు.  

కిందికి దిగాం. గేటు పక్క బండి దగ్గర టీ చెప్పాను. ఇంత జరిగాక మనిషికి ఒక టీ పట్టాలనిపించింది. అంతకంటే, సాయంత్రం రక్తంలో ఏం తేలుతుందో నాకూ తెలియాలి. అతని ఫోన్ నంబరు తీసుకుందామనుకున్నాను. ఎలా ఉందో చెప్పు, గుణదల అమ్మకు ఒక కొవ్వొత్తి నేనే వెలిగిస్తాను అని ఏదో అందామనుకున్నాను. రహ్మాన్ కూడా లేచొచ్చి, మేడం నిజంగానే ఉందా అని అడిగాడు. రెండు గ్లాసులూ చేత్తో పట్టుకుని వెనక్కు తిరిగాను.

ఏసుపాదం రోడ్డు దాటుతున్నాడు. ఫోన్ చెవికి ఆనించుకుని, రెండో చెవి వేలితో మూసుకుని, బస్సుల చప్పుడులో అరుస్తున్నాడు. అవతల మరదలు కాబోలు.

"ఆ టీవీ పక్కన గీతల మిషనుందిగా, దాంట్లో అంకె ఎంతుందో చెప్పు. ... నాకు చెప్పమాక అట్టా. కూచుని చెప్పమాక. లేచెళ్లి, దగ్గర నిలబడి, చూసి చెప్పు."

సిటీ బస్సు వచ్చి అడ్డం నిలబడింది. అది కదిలాక అవతలి పక్కన అతను లేడు. బస్టాండు వైపు పోయే జనంలో తెల్లచొక్కా ఒకటి, వెనక్కు తిరక్కుండా పోతోంది. అది అతనిదేనని గట్టిగా చెప్పలేను.